కీళ్ళవాతంతో కౌన్సెలింగ్‌కి వెళ్ళాను: పన్నెండు సిటింగులయ్యాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, కౌన్సెలింగ్ వల్ల నా కీళ్ళ నొప్పులు తగ్గలేదు. తగ్గుతాయనుకుని వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ సంగతి ముందే తెలియాలని మొదటి వాక్యంలోనే రాస్తున్నాను. అయినా అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ నాలుగూ ఎందుకో, ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే వెళ్ళేముందు నేను నెల్లాళ్ళపాటు తెలుగులో ఇలాంటిది ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరికినవన్నీ "మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" దగ్గరే ఆగిపోయాయి. ఒంట్లో ఎప్పటికీ పోని జబ్బుతో బతికే మనిషి ఆ గదిలోకి వెళ్తే ఏం అడుగుతారు, ఎంత తీసుకుంటారు, మెట్లెక్కాలా, ఎన్నిసార్లు వెళ్ళాలి, ఇవేవీ ఎవరూ రాయలేదు.

మాది సఖినేటిపల్లి మండలం, వశిష్ఠ గోదావరికి ఇవతలి ఒడ్డు. అవతల నరసాపురం. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలి ఆరేళ్ళయింది. మా వైపు అందరూ కీళ్ళవాతమనే అంటారు, వయసు మీద పడ్డాక మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పికీ దీనికీ తేడా చాలామందికి తెలియదు. ఇది అరుగుదల వల్ల వచ్చేది కాదు. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి మన కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది, అది వాచిపోతుంది, అలాగే వదిలేస్తే కీలు వంకరపోతుంది. అందుకే ముప్పై ఏడేళ్ళకే నాకు వచ్చింది. వారానికి ఒక్క రోజు మెథోట్రెక్సేట్ బిళ్ళలు, వాటికి తోడు ఫోలిక్ యాసిడ్, లివర్ ఎలా ఉందో చూడటానికి తరచూ రక్తపరీక్షలు. పొద్దున్న లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, గంటన్నర దాకా మంచినీళ్ళ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. పేస్టు ట్యూబుని గట్టు మీద పెట్టి మోచేత్తో నొక్కుకున్న రోజులున్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత రాసేది అర్థం కాదు. మా ఊళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. నరసాపురం లేసు అంటే చాలామందికి తెలిసే ఉంటుంది, 2024లో ఇది ఈ ప్రాంతానిదే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ నేర్పింది. దాని మీద వచ్చే డబ్బు తక్కువే, కష్టానికి తగ్గ కూలి ఎప్పుడూ రాలేదు, కానీ మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగు మీద నలుగురం కూర్చుని అల్లుకుంటూ మాట్లాడుకునే ఆ రెండు గంటలూ రోజంతటికీ సరిపడా బలం ఇచ్చేవి. వేళ్ళు వాచాక సూది పట్టుకోలేకపోయాను. అల్లనిదాన్ని అరుగు మీద ఊరికే కూర్చోలేక అటు వెళ్ళడమూ మానేశాను.

కౌన్సెలింగ్ మాట నాకు నేనుగా అనుకున్నది కాదు. మూణ్ణెల్లకోసారి రాజమండ్రి వెళ్ళి కీళ్ళ డాక్టరుగారికి చూపించుకుంటాను. కిందటి వేసవిలో ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు, ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ చాలా తగ్గాయి, ఆయన రిపోర్టు చూసి "బాగా కంట్రోల్లోకి వచ్చిందమ్మా" అని సంతోషంగా అన్నారు, నేను ఆ కుర్చీలోనే ఏడ్చేశాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. రిపోర్టు బాగుంది కదా, మరి నేనెందుకు బాగాలేను అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన మందులచీటీ పక్కన పెట్టి, నిద్ర పడుతోందా, తింటున్నారా, ఇంతకుముందు ఇష్టంగా చేసే పనులు చేస్తున్నారా అని ఒక్కొక్కటే అడిగారు. తర్వాత చీటీ అడుగున కౌన్సెలింగ్ అని రాసి, "పిచ్చని రాయడం లేదమ్మా, ఈ జబ్బున్నవాళ్ళకి దిగులు పట్టుకోవడం మామూలువాళ్ళకంటే ఎక్కువ, దాన్ని వదిలేస్తే నేనిచ్చే మందులు వేసుకునే ఓపిక కూడా ఉండదు" అన్నారు.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్యగారు "మాట్లాడ్డానికి డబ్బులివ్వడమేంటే, ఇంతమందిమి ఇంట్లో లేమా?" అన్నారు. ఆవిడ మాటలో వెటకారం లేదు, నిజంగానే అర్థం కాక అడిగారు. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

మొదట చేసిన తప్పేంటంటే, ఇంట్లో కూర్చునే అయిపోతుంది కదా, ప్రయాణం ఉండదు కదా అని ఫోన్ యాప్‌లో నాలుగు సిటింగుల ప్యాకేజీ ముందే డబ్బు కట్టేసి తీసుకున్నాను. పేరు రాయడం లేదు. తెలుగు వచ్చినవాళ్ళు కావాలని టిక్ పెట్టినా వచ్చినావిడ సగం ఇంగ్లీషులోనే మాట్లాడింది. నా జబ్బు పేరు చెప్తే "ఓహో, మోకాళ్ళ నొప్పులా" అంది. రోజూ పొద్దున్నే లేవగానే గబగబా అరగంట నడవమంది, ఆ రోజు కృతజ్ఞత చెప్పుకోవాల్సిన మూడు విషయాలు నోటుబుక్కులో రాయమంది. పొద్దున్నే నేను పెన్ను పట్టుకోలేనని చెప్పాక కూడా రెండోసారి మళ్ళీ అదే అడిగింది, రాశారా అని. రెండో సిటింగు చివర్లో "నొప్పి చాలావరకు మనసులోనే ఉంటుంది మేడమ్" అంది. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతులవంకే చూస్తూ కూర్చున్నాను. వాచి ఎర్రగా ఉన్న ఆ కణుపులు ఎవరికైనా కనిపిస్తాయి, అవి మనసులో ఉన్నాయంటే ఏం చెప్పాలి. మిగతా రెండు సిటింగులకీ వెళ్ళలేదు, డబ్బు వెనక్కి రాలేదు. అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే, ఆ తర్వాత రెండు నెలలు కౌన్సెలింగ్ మాటెత్తితేనే ఒళ్ళు మండేది.

ఆ రెండు నెలల మధ్యలోనే ఒక రాత్రి మణికట్లు రెండూ వాచి పక్క మీద ఏ వైపు తిరిగినా నొప్పే, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, ఇలా ఇంకా ఎన్నేళ్ళు అన్న ఆలోచన వచ్చి ఆగలేదు. టెలీ మానస్ నంబరు 14416 ఎక్కడో చూసి రాసిపెట్టుకున్నాను, దానికి చేశాను. మనసు బాగాలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సర్వీసు అది, డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరో అమ్మాయి ఎత్తింది. సలహా ఏమీ చెప్పలేదు, ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు, మందు వేసుకున్నారా అని నెమ్మదిగా అడుగుతూ ఓ ఇరవై నిమిషాలు నాతోనే ఉంది. చివర్లో దగ్గర్లో ఎవరినైనా నేరుగా కలవమని చెప్పింది. ఆ ఒక్క ఫోన్ లేకపోతే రెండోసారి ప్రయత్నించేదాన్ని కాదు. చేతిలో పైసా లేనివాళ్ళు ముందు ఆ నంబరు ఫోన్లో దాచుకోండి.

ఇక అసలు రివ్యూ రాయాల్సింది భీమవరంలో వెళ్ళిన చోటు గురించి. ఒక క్లినికల్ సైకాలజిస్టు మేడమ్ నడుపుతారు. వెళ్ళేముందు ఫోన్లో రెండే ప్రశ్నలు అడిగాను. ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నమోదు నంబరు ఉందా అన్నది ఒకటి, ఉంది, చెప్పారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళని ఇదివరకు ఎప్పుడైనా చూశారా అన్నది రెండోది. దానికి ఆవిడ "ఇద్దర్ని చూశానండి, ఎక్కువమందిని చూడలేదు, మీ డాక్టరుగారి చీటీ, రిపోర్టులు తెచ్చుకోండి, నాకు తెలియనివి మిమ్మల్నే అడుగుతాను" అన్నారు. అన్నీ తెలుసని చెప్పి ఉంటే బహుశా వెళ్ళేదాన్ని కాదు.

మొదటి సిటింగు గంటన్నర, వెయ్యి రూపాయలు. తర్వాతవి యాభై నిమిషాలు, ఏడొందలు. మొదటిరోజు ఒక కాగితం ఇచ్చారు, తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, అన్నీ కలిపితే 27. పీహెచ్‌క్యూ-9 అంటారు, దిగులు ఎంతుందో కొలవడానికి చాలాచోట్ల ఇదే ఇస్తారు. నాకు పంతొమ్మిది వచ్చాయి. నేను భయపడ్డాను. ఆవిడ ఆ మార్కుల మీద ఆగకుండా కాగితం మళ్ళీ ముందు పెట్టి ఒక్కో ప్రశ్న మీద వేలు పెట్టి అడిగారు. "నిద్ర పట్టడం లేదని మూడు వేశారు, రాత్రి మెలకువ వచ్చేది నొప్పి వల్లా, ఆలోచనల వల్లా? నీరసమని మూడు వేశారు, ఇది బిళ్ళలు వేసుకున్న మర్నాడు ఎక్కువా, రోజూ ఒకేలా ఉంటుందా? ఆకలి లేకపోవడం వికారం వల్లా, తినబుద్ధి కాకా?" ఒంట్లో జబ్బున్నవాళ్ళకి ఆ తొమ్మిదింట్లో మూడు నాలుగు ప్రశ్నలకి జబ్బే జవాబు చెప్పేస్తుంది, అందుకని విడదీసి చూడాలన్నారు. ఆరేళ్ళలో నా నీరసం ఏ రకం నీరసమో అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆ అరగంటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఇంకో మాట కూడా మొదటిరోజే చెప్పారు. కీళ్ళ మందులు ఆపమని తను ఎప్పుడూ చెప్పనని, ఎవరు చెప్పినా వినొద్దని. మనసుకి మందు అవసరమైతే సైకియాట్రిస్టు డాక్టరు రాయాలని, సైకాలజిస్టు రాయకూడదని, నాలుగు వారాలు చూసి అవసరమనిపిస్తే తనే పంపిస్తానని అన్నారు. నాకు ఆ అవసరం రాలేదు, కొందరికి వస్తుంది.

ఆ గదిలో చేసిన పని గురించి అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. సీబీటీ అనే పద్ధతి, మన ఆలోచనల్నీ అలవాట్లనీ గమనించి మార్చుకోవడం నేర్పుతారు. పొద్దున్న కళ్ళు తెరవగానే నాకు వచ్చే మొదటి ఆలోచన "ఇవాళ కూడా ఇంతే, నేను ఎవరికీ పనికిరాను". దాన్ని కాగితం మీద రాయమంటారు మామూలుగా, నాకు రాయడం కష్టం కాబట్టి వాట్సాప్‌లో నాకు నేనే వాయిస్ మెసేజ్ పెట్టుకోమన్నారు, లేచినప్పుడు ఒకటి, వేళ్ళు వదులైనప్పుడు ఇంకొకటి. రెండు వారాలు పెట్టుకున్నాక ఇద్దరం కూర్చుని విన్నాం. పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు తొమ్మిదిన్నర లోపే చేతులు వదులయ్యాయి. ఆరు గంటలకి "ఇవాళంతా ఇంతే" అని ఏడుపు గొంతుతో మాట్లాడిన మనిషే తొమ్మిదింటికి "ఆఁ, పప్పు పొయ్యి మీద పెట్టాను" అంటోంది. అది నా గొంతే. ఎవరో చెప్తే నమ్మేదాన్ని కాదు, నా నోటితో నేనే చెప్పుకున్నాను కాబట్టి కాదనలేకపోయాను. అలాగని అన్ని ఆలోచనల్నీ అలా తోసెయ్యలేదు ఆవిడ. "ఈ జబ్బు పోదు కదా మేడమ్" అన్నప్పుడు, "పోదండి, అది నిజమే, దానికి ఏడవడంలో తప్పేమీ లేదు" అన్నారు, ఆ రోజు మిగిలిన సమయమంతా ఏ అభ్యాసాలూ లేకుండా అలాగే గడిచిపోయింది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం పనుల లెక్క. ఒంట్లో బాగున్న రోజున నేను నాలుగు రోజుల పని ఒక్కరోజే చేసేదాన్ని, బట్టలుతికి, పచ్చడి నూరి, ఇల్లంతా దులిపి, మళ్ళీ ఎప్పుడు బాగుంటానో అన్న భయంతో. మర్నాటి నుంచి మూడు రోజులు మంచం. ఆవిడ ఆ రెండు వారాల వాయిస్ మెసేజ్‌లని బట్టి తెల్లకాగితం మీద గీత గీసి చూపించారు, ఎత్తుగా లేచి నిలువునా పడిపోయి, మళ్ళీ లేచి మళ్ళీ పడిపోయి. నొప్పి వచ్చేదాకా చూడొద్దు, గడియారం చెప్పినప్పుడు ఆపండి అన్నారు. అంటే బాగున్నా సరే ఇరవై నిమిషాలకి లేవాలి, పది నిమిషాలు కూర్చోవాలి. బాగాలేని రోజున కూడా పూర్తిగా మంచమెక్కకుండా ఏదో ఒక చిన్న పని అయిదు నిమిషాలైనా చెయ్యాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, చెయ్యడం చాలా కష్టం, పని మధ్యలో లేవాలంటే ప్రాణం పోయినట్టుండేది.

ఇది ఇంట్లోవాళ్ళకి అర్థం కాకపోతే సాగదని, ఒకసారి మా ఆయన్ని కూడా రమ్మన్నారు. ఆయన సిటింగంతా ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు, ఆవిడ గీత గీసి చూపించి గడియారం సంగతి చెప్పాక మాత్రం "అంటే వంతులన్నమాట" అన్నారు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్ళు తక్కువుంటే కాలవలకి వంతులు పెట్టి వదులుతారు, మా పొలం కాలవ శివార్లో ఉంది, పైవాళ్ళు ముందే తోడేసుకుంటే మాకు చుక్క రాదు. "మొదటిరోజే ఊరంతా పెట్టేసుకుంటే శివారు ఎండిపోద్ది కదండీ" అన్నారు ఆవిడతో. ఆవిడకి వంతుల సంగతి తెలియదు, ఆయనే పది నిమిషాలు వివరించారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు వంతే. నేను పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడితే ఆయన వాకిట్లోంచి "నీ వంతయిపోయింది, ఇలారా" అని కేకేస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా జబ్బు గురించి ఆయన తన మాటతో మాట్లాడింది అదే మొదలు.

మధ్యలో గోదావరికి వరదొచ్చి, మమ్మల్ని నది దాటించే పంటు ఆపేశారు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలంటే నా మోకాళ్ళకి అంత ప్రయాణం కుదరదు, రెండు వారాలు ఫోన్లోనే మాట్లాడాం, ఫీజు అంతే తీసుకున్నారు. ఇంట్లో మాట్లాడితే అందరికీ వినిపిస్తుందని కొబ్బరితోటలో మోటారు షెడ్డు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అప్పటికే ఆవిడ ముఖం, గొంతు అలవాటయ్యాయి కాబట్టి ఫోన్లో కూడా బాగానే జరిగింది.

నాలుగో సిటింగు గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను, రాస్తున్నాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడికి రోజూ రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేదాన్ని. కిందటేడు ఒకరోజు మూడో పాయ వేళ్ళ మధ్య నిలవలేదు, జారిపోతోంది, మళ్ళీ తీసుకుంటున్నాను, మళ్ళీ జారిపోతోంది, బస్సు టైమైపోతోంది. పిల్ల ఏమీ అనకుండా దువ్వెన నా చేతిలోంచి తీసుకుని పక్కింటి పిన్ని దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి "అమ్మా, జుట్టు కత్తిరించేసుకుంటానే, పొట్టిగా ఉంటే నేనే దువ్వుకుంటాను" అంది. సరే అన్నాను. కత్తిరించుకొచ్చాక బాగుందన్నాను. ఎవరి ముందూ ఏడవలేదు. ఇది చెప్పినప్పుడు ఆవిడ, పిల్ల మంచిదండి అర్థం చేసుకుంది అనలేదు, మీ తప్పేమీ లేదండి అనలేదు. కాసేపు ఊరుకుని, "ఎంత పొడుగుండేదండి జుట్టు?" అని అడిగారు. నేను నడుం దగ్గర చెయ్యిపెట్టి చూపించాను. అంతే, ఇక ఆగలేదు నాకు. బహుశా పావుగంట ఏడ్చాను.

అత్తయ్యగారు అడిగిన ప్రశ్నకి నాకు జవాబు దొరికింది ఆ రోజే. ఇంట్లో అందరూ ఉన్నారు, నేనంటే అందరికీ ప్రాణమే. కానీ నేను బాధపడితే వాళ్ళూ బాధపడతారు, అందుకని వాళ్ళకి చెప్పేటప్పుడు సగం దాచి చెప్తాను, వాళ్ళు ఊరుకోలేక నల్లేరు పచ్చడి తినమనో ఫలానా ఊళ్ళో పసరు పోస్తారనో చెప్తారు. ఈవిడకి చెప్తే నేను ఆవిణ్ణి ఓదార్చక్కర్లేదు. ఏడొందలు దానికే ఇస్తున్నాను అనుకున్నాను.

తొమ్మిదోసారి వచ్చేటప్పుడు లేసు సూది తెచ్చుకోమన్నారు. పదకొండు నెలలుగా దాన్ని ముట్టుకోలేదు, బీరువాలో చీరల కింద పడేశాను. దాన్ని బల్ల మీద పెట్టి ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. సన్నటి ఇనప సూది, కొసన చిన్న కొక్కెం, నా బొటనవేలు ఆనేచోట ఏళ్ళ తరబడి రుద్దుకుని మెరుపెక్కింది. ఇప్పుడు ఎలా అనిపిస్తోంది అంటే సూది మీద కోపంగా ఉంది అన్నాను, నాకే ఆశ్చర్యమేసింది. మళ్ళీ మునుపటిలా అల్లమని ఆవిడ చెప్పలేదు. పిడికి పాతగుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు ఎలా ఉంటుందో చూద్దామా అన్నారు, కీళ్ళ డాక్టరుగారిని కూడా అడగమన్నారు. ఆయన వాపు లేనప్పుడు పరవాలేదన్నారు. ఇప్పుడు లావు దారంతో, గుడ్డ చుట్టిన సూదితో, పది నిమిషాలు అల్లుతాను, అయిదు నిమిషాలు ఆపుతాను. అమ్మడానికి పనికొచ్చే అల్లిక కాదు అది. కానీ మధ్యాహ్నం అరుగు మీదకి వెళ్తున్నాను.

ఇప్పుడు ఒక మార్కు ఎక్కడ పోయిందో చెప్తాను. క్లినిక్కు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, ఇరవై రెండు మెట్లు, ఒకవైపే చేతిపట్టు. ఇలాంటి జబ్బులున్నవాళ్ళు కూడా వస్తారని తెలిసీ అలా ఉంచడం నాకు నచ్చలేదు, నోటితో చెప్పాను, కింద గది చూస్తున్నామన్నారు, ఇప్పటికీ ఏమీ మారలేదు. మొదట్లో పొద్దున్న తొమ్మిది గంటల టైమిచ్చారు, ఆ టైముకి భీమవరంలో ఉండాలంటే నేను ఆరింటికే బయల్దేరాలి, ఆటో, పంటు, మళ్ళీ బస్సు. ఆరింటికి నా చేతులు తలుపు గడియ కూడా తియ్యలేవు. పైగా సోమవారం, ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు నాకు వికారం. రెండుసార్లు అడిగాక గురువారం పన్నెండు గంటలకి మార్చారు, మొదటిరోజే నా మందుల టైములు అడిగి ఉంటే సరిపోయేది. ఇంటికిచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, అడిగితే చేత్తో తెలుగులో రాసిచ్చారు, అచ్చువేసి పెట్టుకుంటే వచ్చే వాళ్ళందరికీ ఉపయోగం. పక్క గదికీ దీనికీ మధ్య గోడ పల్చన, అవతల ఎవరో గట్టిగా మాట్లాడితే వినపడుతుంది, అంటే మనదీ వినపడుతుందనే కదా.

ఏడోసారి ఒక పొరపాటు కూడా జరిగింది. వంట మీ అత్తగారికి అప్పగించొచ్చు కదా అని తేలిగ్గా అనేశారు. ఆవిడకి డెబ్బై దాటాయి, ఆవిడ మోకాళ్ళు నా మోకాళ్ళకంటే అన్యాయంగా ఉన్నాయి. నాకు మనసు కష్టమేసి మానేద్దామనుకున్నాను. వారం తర్వాత వెళ్ళి ఆ సంగతే మొదట చెప్పాను, గుండె దడదడలాడుతుండగా. ఆవిడ "మీ ఇంటి సంగతి పూర్తిగా తెలుసుకోకుండా అనేశాను, తప్పు నాదే" అన్నారు. నచ్చనిది ముఖాన చెప్పి కూడా సంబంధం తెగకుండా ఉండటం నాకు కొత్త. మీకూ అలా ఏదైనా అనిపిస్తే మానేసేముందు ఒకసారి చెప్పి చూడండి.

డబ్బు లెక్క: మొదటిది వెయ్యి, మిగతా పదకొండూ ఏడొందల చొప్పున, మొత్తం 8,700. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసిన స్త్రీ శక్తి పథకం వచ్చాక ఆర్టీసీ బస్సుకి టికెట్ ఖర్చు పోయింది, ఆటో, పంటు మాత్రం మనమే పెట్టుకోవాలి. మాకు ఆరోగ్య బీమా ఉంది, అడిగితే ఆసుపత్రిలో చేరితేనే ఇస్తామన్నారు. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది, మనసు జబ్బుకి కూడా ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని అందులో ఉంది, కానీ పాలసీలో బయట చూపించుకునే ఖర్చులే లేకపోతే కౌన్సెలింగ్‌కీ రాదు. కాబట్టి మీ పాలసీ కాగితాల్లో అవుట్ పేషెంట్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. అంత పెట్టుకోలేనివాళ్ళకి కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, 14416 ఎలాగూ ఉంది.

షుగరైనా, కిడ్నీ అయినా, ఆస్తమా అయినా, ఏ మొండి జబ్బున్నవాళ్ళయినా కౌన్సెలర్‌ని ఎంచుకునేముందు మీ జబ్బు పేరు చెప్పి, దాని గురించి ఏం తెలుసో అడగండి. తెలియకపోయినా పరవాలేదు, తెలుసుకుంటాను అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మీ నొప్పిని నొప్పిగా ఒప్పుకోనివాళ్ళ దగ్గర రెండో సిటింగు దాకా కూడా ఆగొద్దు, నేను ఆగి పోగొట్టుకున్నాను. ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. చివరిసారి అదే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తే నాకు ఎనిమిది వచ్చాయి, ఆ ఎనిమిదిలో అయిదు నిద్రవీ నీరసానివీ, అవి నా కీళ్ళవి.

ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను. వచ్చే నెల మాఘమాసం, అంతర్వేది తీర్థం. భీష్మ ఏకాదశి రథానికి మా ఇంటికి ఏటా పాతికమంది చుట్టాలు దిగుతారు, ఏటా వంటంతా నాదే, తర్వాత వారం రోజులు మంచం నాదే. ఈసారి కిందటి సిటింగులో ఆ మాట ఎలా చెప్పాలో రెండుసార్లు పలికి చూసుకుని వచ్చాను. మొన్న రాత్రి అన్నాలయ్యాక చెప్పాను, "అత్తయ్యగారూ, ఈసారి వంటమనిషిని పెట్టుకుందామండి, పులిహోర మాత్రం నేను కలుపుతాను" అని. ఆవిడ విస్తరాకులు లెక్కపెడుతున్నారు, తలెత్తకుండానే, "అయితే పులిహోరకి చింతపండు ముందురోజే నానబెట్టుకో, పొద్దున్నే నీ వేళ్ళతో పిసకలేవు, నేను పిసుకుతాను" అన్నారు.